జపనీస్, చైనీస్ భాషల్లో పళ్ళ మాటలు: ఏది ఎక్కడిది, ఏది ఎవరితో అనొచ్చు

జేఎల్‌పీటీ ఎన్2కి, అంటే జపనీస్ భాషా పరీక్షలో పైనుంచి రెండో స్థాయికి, చదువుతుంటే పన్ను మీద జాతీయాలు వరసపెట్టి తగిలాయనీ, ఎంత బట్టీ పట్టినా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయనీ రాశారు. ఇవన్నీ చైనా నుంచి వచ్చినవేనా, చైనీస్‌లో కూడా ఇవే ఉంటాయా, ఆఫీసులో జపాన్ వాళ్ళ దగ్గర ఏవి అనొచ్చు, పళ్ళ పేర్లేమిటి అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా జపనీస్ దుబాసీగా పనిచేస్తున్నాను, చైనీస్ ఆ తర్వాత నేర్చుకున్నాను. ఈ పళ్ళ మాటలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం పట్టుకోండి, సగం గందరగోళం పోతుంది. జపనీస్‌లో పన్ను అనే అక్షరాన్ని రెండు రకాలుగా చదువుతారు. 'హ' అని చదివితే అది వాళ్ళ సొంత మాట. 'షి' అని చదివితే అక్షరంతో పాటు చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ. జాతీయంలో 'హ' వినబడితే అది చాలావరకు పంటికి తెలిసే అనుభవం గురించే ఉంటుంది: గట్టిగా ఉంది, దురదగా ఉంది, ఏదో ఇరుక్కుంది. 'షి' వినబడితే దాని వెనక సాధారణంగా ఒక చైనా గ్రంథం, ఒక రాజు, ఆయనకు సలహా చెప్పే ఒక మంత్రి ఉంటారు. మొదటివి నోటి మాటలు. రెండోవి ప్రసంగాల్లో, సంపాదకీయాల్లో, మర్యాద ఉత్తరాల్లో కనిపించేవి. పుస్తకాలు ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెడతాయి కాబట్టే మీకు కలిసిపోతున్నాయి.

'హ' వాటితో మొదలుపెడదాం. ఇవి తెలుగువాళ్ళకి నిజానికి తేలిక. 'హ గ తతనై' అంటే పన్ను దిగడం లేదని. ఎదుటివాడు బలవంతుడు, లేదా లెక్క మరీ కష్టం, మన వల్ల కాదు. 'ఈ పాఠం నాకు కొరుకుడు పడలేదు' అని మనం అనేది అచ్చంగా ఇదే. కొరకరాని కొయ్య, ఇనుప గుగ్గిళ్ళు, అన్నీ ఆ కుటుంబమే. 'హ ఓ కుయిషిబరు' అంటే పళ్ళు గట్టిగా కరిచిపట్టి ఓర్చుకోవడం. 'పంటి బిగువున భరించాడు' అంటాం కదా, అదే. ఈ రెండింటినీ ఇంగ్లీషు అర్థాలతో బట్టీ పట్టకండి. తెలుగు పక్కన పెట్టుకుంటే మళ్ళీ మర్చిపోరు.

'హగయుయి' దగ్గర కొంచెం ఆగాలి. మాట ప్రకారం పన్ను దురదపెడుతోంది. పంటి లోపలి దురదని గోక్కోలేం. పక్కవాడు పని తప్పుగా చేస్తుంటే, మనకి సరైన పద్ధతి తెలిసి కూడా చెయ్యి పెట్టలేకపోతే కలిగే ఆ అసహనమే హగయుయి. క్రికెట్ చూస్తూ మనవాళ్ళు గెలిచే మ్యాచ్‌ని చేజార్చుకుంటుంటే ఒంట్లో ఏమవుతుందో, అది. కోపం కాదు, బాధ కాదు. దీనికి సరితూగే ఒక్క మాట తెలుగులో నాకు దొరకలేదు, 'చేతులు కట్టేసినట్టుంది' అన్నది కొంచెం దగ్గర.

'హ గ ఉకు' అంటే పళ్ళు కదిలి పైకి తేలుతున్నట్టు ఉండడం. చిగుళ్ళు పాడై పళ్ళు వదులైనప్పుడు కూడా ఇదే అంటారు. కానీ ఎక్కువగా వాడేది పొగడ్తల విషయంలో. వినేవాళ్ళకే ఇబ్బంది కలిగేంత అతిగా పొగిడితే 'హ గ ఉకు యోనా ఒసెజి', పళ్ళు తేలిపోయేలాంటి ముఖస్తుతి. 'హ నో నే గ అవనై' అంటే పళ్ళ మొదళ్ళు ఒకదానికొకటి తగలడం లేదని, అంటే చలికో భయానికో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయని. 'షిరోయి హ ఓ మిసెరు' అంటే తెల్లని పళ్ళు చూపించడం, అంటే నవ్వడం. మనకి 'పళ్ళికిలించడం' అంటే చిన్నచూపు ఉంది, వాళ్ళకి ఇందులో అది లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

మాట తీరు గురించిన జంట ఒకటుంది, మీ ఆఫీసుకి అన్నిటికంటే పనికొచ్చేది అదే. 'హ ని కిను కిసెను' అంటే పళ్ళకి బట్ట తొడగకుండా మాట్లాడడం, ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పడం. ఇక్కడ బట్ట అనే అక్షరాన్ని చాలామంది 'కొరొమొ' అని చదివేస్తారు, పరీక్షలో పోయేది అక్కడే. చదవాల్సింది 'కిను' అని. అలాగని అది పట్టు కూడా కాదు. జపనీస్‌లో పట్టుని కూడా కిను అనే అంటారు గానీ దాని అక్షరం వేరు. దీనికి ఎదురు మాట 'ఒకుబ ని మొనో గ హసమత్త యోనా', దవడపళ్ళలో ఏదో ఇరుక్కున్నట్టు మాట్లాడడం. చెప్పదలుచుకున్నది పూర్తిగా చెప్పకుండా, కాదనకుండా, అవుననకుండా సాగదీయడం. మీటింగులో జపాన్ మేనేజరు 'అవును, అది కూడా ఒక ఆలోచనే, కాకపోతే...' అని ఆగిపోతే పంటి సందులో ఏదో ఉందని అర్థం. దుబాసీ పనిలో కష్టమంతా అక్కడే. ఇరుక్కున్నదేమిటో నెమ్మదిగా కనుక్కోవాలి, మనమే బయటకి లాగెయ్యకూడదు.

'హగోతే' అంటే నములుతుంటే పంటికి తగిలే బిగువు. తిండికీ వాడతారు, సవాలుగా అనిపించే పనికీ వాడతారు. 'హగిరే గ ఇయి' అంటే మాట స్పష్టంగా, తెగినట్టుగా ఉండడం. 'హదొమె' అంటే బండి చక్రం దొర్లిపోకుండా వేసే అడ్డు. ఇప్పుడు ధరలకీ జనాభా తగ్గుదలకీ హదొమె వెయ్యాలని పత్రికలు రాస్తాయి. దువ్వెనకి, రంపానికి, చక్రానికి పళ్ళుండడం మనకి కొత్త కాదు. జపాన్ వాళ్ళకి గెతా అనే చెక్క చెప్పులకి కూడా పళ్ళుంటాయి, అడుగున ఉండే రెండు అడ్డచెక్కలనే పళ్ళంటారు.

ఇప్పుడు చైనాకి వెళ్దాం. అక్కడ పంటికి రెండు మాటలు: 'ఛి', 'యా'. ఛి పాతది, పుస్తకాల మాట. యా ఇప్పుడు రోజూ వాడేది, పూర్వం దవడపళ్ళకీ కోరలకీ ఎక్కువగా వాడేవారు. ఏనుగు దంతం 'ష్యాంగ్ యా' అయింది అందుకే. నాలుగక్షరాల సామెతల్లో రెండూ జతగా వస్తాయి. 'యావో యా ఛ్యే ఛి' అంటే పళ్ళు కొరకడం, కోపంతో. 'లింగ్ యా లీ ఛి' అంటే చురుకైన పళ్ళు, మాటకారితనం. మూడు వేల ఏళ్ళ కిందటి షాంగ్ రాజుల కాలం ఎముకల మీద రాతల్లోనే పంటి నొప్పి గురించి దేవతలని అడిగిన ప్రశ్నలున్నాయి. ఛి అనే అక్షరం అప్పట్లో తెరిచిన నోరు, లోపల పళ్ళు, అంతే. బొమ్మ చూస్తే ఎవరైనా చెప్పేస్తారు.

చైనా సామెతల్లో మకుటం లాంటిది 'ఛున్ వాంగ్ ఛి హాన్', పెదవి పోతే పంటికి చలి. దీని కథ తెలియకుండా ఈ సామెత నేర్చుకోవడం వృథా. క్రీస్తుపూర్వం 658లో జిన్ అనే పెద్ద రాజ్యం గువో అనే చిన్న రాజ్యం మీదకి దండెత్తాలనుకుంది. మధ్యలో యూ అనే ఇంకో చిన్న రాజ్యం ఉంది. జిన్ మంత్రి షున్ షి సలహా మీద యూ రాజుకి మేలుజాతి గుర్రాలు, ఒక అపురూపమైన పచ్చరాయి పంపి, మీ నేల మీదుగా మా సైన్యానికి దారి ఇవ్వండని అడిగారు. రాజు ఒప్పుకున్నాడు. 655లో మళ్ళీ అడిగారు. అప్పుడు గోంగ్ జీఛీ అనే మంత్రి అడ్డం పడి, గువో మనకి పెదవి, మనం పన్ను, పెదవి పోతే పంటికి చలి తప్పదని చెప్పాడు. రాజు వినలేదు. మంత్రి తన కుటుంబాన్ని తీసుకుని దేశం వదిలి వెళ్ళిపోయాడు. జిన్ సైన్యం గువోని మింగి, తిరుగుదారిలో యూని కూడా మింగేసింది.

చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. కానీ దీని చివర ఇంకో పన్ను ఉంది, నాకు ఇష్టమైంది అదే. షున్ షి ఆ పచ్చరాయినీ గుర్రాలనీ వెనక్కి తెచ్చి తన రాజు ముందు నిలబెట్టి, రాయి ఎలా ఇచ్చామో అలాగే ఉంది, గుర్రాల పళ్ళు మాత్రం పొడుగయ్యాయి అన్నాడట. అంటే వాటి వయసు పెరిగింది. గుర్రం వయసు పళ్ళు చూసే చెప్తారు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకి వెళ్ళినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని మైకులో చెప్తూనే ఉంటారు. చైనాలో మాత్రం ఈ లెక్క మనుషుల దాకా వచ్చింది. వయసు అనే మాటకి రాసే అక్షరంలో, చైనీస్‌లో 'న్యెన్ లింగ్', జపనీస్‌లో 'నెన్‌రెయ్', ఎడమ పక్కన పన్ను ఉంటుంది. మీరు ఫారం నింపినప్పుడల్లా వయసు గడిలో ఒక పన్ను కనిపిస్తుంది, ఈసారి చూడండి.

గుర్రం పన్ను నుంచే వినయపు మాట ఒకటి పుట్టింది. పెద్దవాళ్ళు తమ గురించి తామే 'గుర్రం పళ్ళలా వయసు పెరిగిందే గానీ సాధించింది లేదు' అంటారు. చైనీస్‌లో 'మా ఛి తు జెంగ్'. జపనీస్‌లో పన్ను బదులు వయసు అక్షరం వేసుకుని 'బరెయ్ ఓ కసనెరు', గుర్రం ఏళ్ళు పోగేసుకోవడం. ఇంకో సంగతి, మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూరకి చైనాలో పేరు 'మా ఛి ష్యెన్', గుర్రం పంటి ఆకు. ఆ ఆకు ఆకారం చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

పెదవి, పన్ను మాట నేటికీ రాజకీయాల్లో బతికే ఉంది. 1950లో చైనా సేనలు కొరియా యుద్ధంలోకి దిగినప్పటి నుంచీ ఉత్తర కొరియాతో బంధాన్ని పెదవీ పన్ను బంధమనే చెప్తారు. జపనీస్‌లోకి ఈ సామెత రెండు దారుల్లో వచ్చింది. ఒకటి 'షిన్షి హొష', పూర్తిగా చైనా ఉచ్చారణ. రెండోది 'కుచిబిరు హొరొబితె హ సముషి'. ఇందులో 'హ' ఉంది కదా, మీరు చెప్పిన సూత్రం తప్పిందే అంటారేమో. సరుకు చైనాది, మాటలు మాత్రం జపాన్‌వి. చివర 'సముయి' అని కాకుండా 'సముషి' అని పాత వ్యాకరణంలో ఉంది చూడండి, చైనా గ్రంథాన్ని జపనీస్‌లోకి విప్పి చదివిన సంప్రదాయానికి గుర్తు అదే.

మాటలు పళ్ళకి తగిలించడం చైనా వాళ్ళ ఇంకో అలవాటు. 'బు జు గ్వా ఛి' అంటే పళ్ళకి తగిలించేపాటి విషయం కాదు, చెప్పుకోదగ్గది కాదు. సహాయం చేసినవాళ్ళకి ధన్యవాదాలు చెప్తే ఇప్పుడు వినయంగా ఈ మాట అంటారు. కానీ దీని మూలం ప్రాణభయంలో ఉంది. క్రీస్తుపూర్వం 209లో చిన్ రెండో చక్రవర్తి, రాజ్యంలో అలజడి గురించి పండితులని పిలిచి అడిగాడు. చాలామంది అది తిరుగుబాటే, సైన్యం పంపండి అన్నారు. చక్రవర్తి మొహం మారిపోయింది. షుసున్ తోంగ్ అనే పండితుడు అది గమనించి ముందుకొచ్చి, వాళ్ళు ఎలుకల్లాంటి, కుక్కల్లాంటి చిల్లర దొంగలు, పళ్ళ మధ్య పెట్టుకునేపాటి విషయం కాదు అన్నాడు. తిరుగుబాటు అన్నవాళ్ళని విచారణకి అప్పజెప్పారు. ఈయనకి ఇరవై తానుల పట్టు ఇచ్చారు. ఆయన ఇంటికి వెళ్ళి వెంటనే ఊరొదిలి పారిపోయాడు. నిజానికి అది సామ్రాజ్యాన్ని కూల్చేసిన తిరుగుబాటే. తర్వాత వచ్చిన హాన్ వంశపు తొలి చక్రవర్తికి సభామర్యాదలు రూపొందించింది ఈ షుసున్ తోంగే. జపనీస్‌లో దీని చుట్టం 'షిగ ని మొ కకెనై', ఎదుటివాడిని అసలు లెక్కే చెయ్యకపోవడం. ఒకే మూలం నుంచి చైనాలో వినయం పుడితే జపాన్‌లో నిర్లక్ష్యం పుట్టింది. వీటిని కలపకండి.

'షి రెన్ యా హ్వెయ్' అంటే పక్కవాడి పంటి కింద రాలిన తెలివి ఏరుకోవడం, ఒకరి మాటలు ఎత్తుకొచ్చి తనవిగా చెప్పుకోవడం. 'మో ఛి నాన్ వాంగ్' అంటే పళ్ళు రాలేదాకా మరువలేను, అంటే జన్మంతా. ఈ పళ్ళు రాలడమనే లెక్క కన్‌ఫ్యూషియస్ మాటల్లోనే ఉంది: గువాన్ జోంగ్ అనే మంత్రి ఒక కుటుంబం నుంచి మూడు వందల ఇళ్ళ ఊరు లాగేసుకున్నా, వాళ్ళు ముతక తిండి తింటూ పళ్ళు రాలేదాకా ఒక్క ఫిర్యాదు చెయ్యలేదట. తీర్పు అంత న్యాయంగా ఉందని భావం.

ఓర్పు విషయంలో రెండు దేశాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. జపాన్ వాడు పళ్ళు బిగిస్తాడు. చైనా వాడు ఊడిన పళ్ళని నెత్తురుతో సహా మింగుతాడు. 19వ శతాబ్దంలో తైపింగ్ తిరుగుబాటుని అణచిన జెంగ్ గువోఫాన్ తన ఉత్తరాల్లో రాసుకున్న మాట అది. ఓడినా బయటకి చెప్పుకోకుండా, పళ్ళు ఊడాయని కూడా ఎవరికీ తెలియనివ్వకుండా మళ్ళీ లేవడం. ఇప్పటికీ చైనీస్‌లో బాగా వినబడుతుంది.

నాలుగక్షరాలు ఉన్నంత మాత్రాన అంతా ప్రాచీన చైనా అనుకోకండి. 'యి యా హ్వాన్ యా', పంటికి పన్ను, చైనా సొంతం కాదు. బైబిల్ అనువాదంతో వచ్చింది. జపనీస్‌లో 'మె ని వ మె ఓ, హ ని వ హ ఓ' కూడా అంతే, బడిలో ప్రాచీన బాబిలోనియా రాజు హమ్మురాబి చట్టాల పాఠంతో పాటు నేర్పుతారు. తెలుగులో 'కంటికి కన్ను, పంటికి పన్ను' మనకి ఏ దారిన వచ్చిందో వాళ్ళకీ ఆ దారినే వచ్చింది.

జపాన్ రచయిత నత్సుమె సోసెకి పేరులో కూడా పళ్ళ కథ ఉందని తెలుసా? అసలు పేరు కిన్నొసుకె, 1984 నుంచి వెయ్యి యెన్‌ల నోటు మీద కనిపించిన ఆయనే. జిన్ వంశ కాలపు చైనాలో (పై కథలోని జిన్ రాజ్యం వేరు) సున్ చు అనే ఆయన, లోకం వదిలి రాయి తలగడగా, సెలయేటి నీళ్ళతో నోరు పుక్కిలిస్తూ బతుకుతానని చెప్పబోయి, రాళ్ళతో పుక్కిలించి సెలయేరు తలగడగా పెట్టుకుంటానన్నాడు. అదెలా అని మిత్రుడు నిలదీస్తే, ఏరు చెవులు కడుక్కోవడానికి, రాళ్ళు పళ్ళు తోముకోవడానికి అని సమర్థించుకున్నాడు. రాళ్ళతో పుక్కిలించడం అన్న రెండు అక్షరాలే 'సోసెకి'. చైనాలో ఈ మాట సన్యాస జీవితానికి గుర్తు, జపాన్‌లో ఓడినా ఒప్పుకోని మొండితనానికి గుర్తు. కిన్నొసుకె ఏరి తీసుకున్నది ఆ మొండితనాన్నే.

పళ్ళ పేర్లు కూడా అడిగారు కదా, త్వరగా చెప్పేస్తాను. పాలపళ్ళు మూడు భాషల్లోనూ పాలపళ్ళే. ముందుపళ్ళు చైనాలో 'మెన్ యా', గుమ్మం పళ్ళు. కోరపన్ను అక్కడ 'హు యా', పులి పన్ను. జపాన్‌లో 'ఇతొకిరిబ', దారం తెంపే పన్ను, కుట్టుపని చేసే ఆడవాళ్ళు పెట్టిన పేరులా ఉంటుంది. ఎగుడుదిగుడుగా వచ్చిన కోరపన్నుని 'యాఎబ' అని ముద్దుగా చూస్తారు, మనం క్లిప్పులు వేయించడానికి పరిగెత్తుతాం. జ్ఞానదంతం చైనాలో 'జి ఛి', మనలాగే తెలివి పన్ను. జపాన్‌లో 'ఒయషిరజు', తల్లిదండ్రులకి తెలియనిది. అది మొలిచే నాటికి వాళ్ళు బతికి ఉండేవాళ్ళు కాదని వివరిస్తారు. పుచ్చిన పన్ను రెండు చోట్లా పురుగు పన్నే: 'ముషిబ', 'జు యా'. జపనీస్‌లో ఆరు 'ము', నాలుగు 'షి' అని జూన్ 4ని 1928లో దంతక్షయ నివారణ దినంగా పెట్టారు. పదకొండులోని రెండు ఒకట్లు 'ఇయి', ఎనిమిదికి 'హ' అనే పలుకు ఉంది, అందుకే నవంబర్ 8 'ఇయి హ', మంచి పళ్ళ రోజు. ఎనభై ఏళ్ళకి ఇరవై సొంత పళ్ళు మిగలాలని 1989లో మొదలైన ఉద్యమం పేరు 'హచి మరు ని మరు', ఎనిమిది సున్నా రెండు సున్నా. ఊడిన పాలపన్ను కింది వరసదైతే కప్పు మీదకి, పై వరసదైతే ఇంటి నేల కిందకి వేసి, ఎలుక పన్నుగా మారమని కోరుకోవడం జపాన్ ఆచారం. చైనాలోనూ కిందిది పైకి, పైది కిందకి అన్న పద్ధతి ఉంది. మన పల్లెల్లో పేడముద్దలో పెట్టి పెంకుల మీదకి విసిరినవాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు.

'ఒహగురొ' అనే మాట పాత కథల్లో తగులుతుంది, అది పళ్ళు నల్లగా చేసుకునే ఆచారం. ఇనుము నానబెట్టిన పుల్లటి నీళ్ళు, వగరు కాయ పొడి కలిస్తే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో ఇనుప ముక్కలు, బెల్లం నానిన నీళ్ళు కరక్కాయ పెట్టిన గుడ్డ మీద నల్లబడడం కూడా ఇదే రసాయనం. పెళ్ళైన స్త్రీలూ, ఆస్థానం వారూ అలా చేసుకునేవాళ్ళు. 1870లో ప్రభుత్వం ప్రభువంశీకులకి దాన్ని నిషేధించింది, 1873లో మహారాణి మానేయడంతో నెమ్మదిగా పోయింది.

ఇక ఆఫీసు సంగతి. మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు 'హ గ తతనై', 'హ ఓ కుయిషిబత్తె గంబరిమసు' (పళ్ళు బిగించి కష్టపడతాను) హాయిగా అనండి, వాళ్ళకి నచ్చుతుంది. 'హగయుయి' మీ సొంత పని మీద అంటే నిజాయితీగా ఉంటుంది, ఇంకొకరి పని మీద అంటే విమర్శ అవుతుంది. 'ఒకుబ ని మొనో గ' అన్నది ఆ మనిషి ఎదురుగా అస్సలు అనకండి, అది గుచ్చడమే. 'హ ని కిను కిసెను' సాధారణంగా మెచ్చుకోలే అయినా పై అధికారికి వాడితే చురక లాగా తగలొచ్చు. 'బరెయ్' మాత్రం ఎప్పుడూ ఇంకొకరికి వాడకూడదు, మీది గుర్రం వయసు అన్నట్టే. వీడ్కోలు సభలో పెద్దాయన తన గురించి 'బరెయ్ ఓ కసనెతె' అని మొదలుపెడితే, అర్థమైందన్న సంతోషంలో 'సో దెసు నె', అంటే అవునండీ, అని తలూపకండి. 'ఇయ్యె, తొందెమొ నై దెసు', అంటే అబ్బే, అదేం లేదండీ, అనాలి.